నలభై రెండిళ్ళ సాక్ష్యం

రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఏ. పాసై, ఆపైన మిషను బంగళాలో రెండేళ్ళు దైవశాస్త్రం చదివి, ఆఖరికి ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాడు లాజరు. చదువులో లోటేమీ లేదు. ప్రసంగం చెప్పమంటే చెప్పాడు, ప్రశ్నలడిగితే జవాబులిచ్చాడు, పాటలో శ్రుతి కాస్త తప్పినా మిషను దొరగారు సర్దుకుపోయారు. సంఘ నాయకుడిగా పనికొస్తాడని యోగ్యతా పత్రం రాసి సొరుగులో పెట్టారు కూడా. అడుగున దొరగారి సంతకం ఒక్కటే తక్కువ. అయితే ఆ మిషనులో ఒక నిబంధన ఉంది. సంఘంలోవాళ్ళు మంచివాడంటే చాలదు. సంఘానికి బయట ఉన్నవాళ్ళు, అందులోనూ పుట్టిన ఊరివాళ్ళు ముగ్గురు, ఇతని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని కాగితం మీద నిశానీ పెట్టాలి.

దొరగారికి తెలుగు బాగా వచ్చు. ఎంత బాగా వచ్చంటే, ఆయన మాట్లాడుతుంటే మన తెలుగే తప్పేమోనని మనకి అనుమానం వచ్చేది. "నీ జన్మస్థలమునకు వెళ్ళి, సాక్ష్యపత్రము సంపాదించుకొని రమ్ము" అన్నారు.

పాఠాలు చెప్పే అప్పాజీగారు మాత్రం వరండా దాకా వచ్చి, "వాళ్ళేం అడిగినా ఒప్పుకునే ముందు ఒక్కసారి ఆలోచించు నాయనా" అన్నారు. ఆయన కోనసీమలో వేదం చదివే ఇంట్లో పుట్టి, పాతికేళ్ళప్పుడు ఈ మతంలోకి వచ్చినాయన. పుట్టిన ఊరి గురించి ఎప్పుడూ ఎత్తేవారు కాదు.

లాజరు పుట్టింది మొగల్తూరికి దిగువన, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పేటలో. నలభై రెండిళ్ళు. అప్పుడు అతని పేరు బుల్లియ్య. ఏడాది నిండకుండానే తండ్రి ఉప్పెనలో కొట్టుకుపోతే, ఎనిమిదో ఏట మిషను బడివాళ్ళు తీసుకుపోయారు. సెలవులకి వచ్చినప్పుడు పేటలో తన ఈడువాడు రాముడి పక్కన నిలబడి వల తాడు లాగేవాడు. పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకుని, పేరు మార్చుకుని, ఆ ఏడు ఇంటికొస్తే, తల్లి తలుపులమ్మ కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టింది. ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. వల ఒడ్డుకొచ్చాక మొదటి దోసెడు చేపలు అమ్మోరికి పెట్టి, ఆ తర్వాతే ఎవరైనా వండుకోవాలి. విగ్రహానికి పెట్టింది తిననని కంచం అవతలికి నెట్టేశాడు లాజరు. కొత్తగా మతం పుచ్చుకున్న కుర్రాడి పౌరుషం అది. ఆ సాయంత్రమే కులంవాళ్ళు అతన్ని వెలేశారు. అతను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అది జరిగి ఆరేళ్ళు.

ధవళేశ్వరం దగ్గర కాలవ పడవెక్కి, నరసాపురంలో దిగి, అక్కణ్ణించి నడిచి, మూడో రోజు పొద్దున్నకి పేట చేరాడు. కులపెద్ద భీమరాజు ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి, పంచె, కోటు, చేతిలో గొడుగు, వరసగా చూశాడు.

"ఎవరు బాబూ తమరు?" అన్నాడు, తెలిసే.

"నేను పెద్దయ్యా, బుల్లియ్యని."

"బుల్లియ్యా? ఆడు పోయి ఆరేళ్ళయ్యింది గదా!"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. లాజరు మొహం కందిపోయింది గాని, నెమ్మదిగా కాగితం తీసి, సంగతి చెప్పాడు. ముగ్గురు పెద్దలు నిశానీ పెడితే చాలు, వెళ్ళిపోతానన్నాడు.

భీమరాజు వల పక్కన పెట్టాడు. "నీ మీద మాకు ఏ మాటా లేదని పెట్టమంటావు. అబద్ధం మీద గుర్తు పెట్టమంటావేంట్రా? నీ మీద ఇంటికొకటి ఉంది. నలభై రెండు ఉన్నాయి."

"అయితే ఏం చెయ్యమంటారండి?"

"దెబ్బలకి నిలబడతావా?"

ఆ మాటకి నవ్వులాగిపోయాయి. ఆ దెబ్బలేమిటో లాజరుకి తెలుసు. తప్పు చేసినవాణ్ణి ఒడ్డుకి లాగిన నావ ముక్కు పట్టుకుని నిలబడమంటారు. ఇంటికొకరు వచ్చి, వాడి మీద తమకున్న మాట అందరూ వినేలా చెప్పి, ఉప్పునీళ్ళలో నానబెట్టిన వలతాడుతో ఒక్క దెబ్బ కొడతారు. కట్టెయ్యరు. నావ వదిలేస్తే అక్కడితో ఆపేస్తారు, కాని వాడు మళ్ళీ ఆ పేట మొహం చూడకూడదు. ఆఖరి దెబ్బ సొంత ఇంటివాళ్ళది. అది మెత్తగా పడితే లెక్క మళ్ళీ మొదటినుంచి. చిన్నప్పుడొకసారి చూశాడు. ఏడో దెబ్బకే కళ్ళు మూసుకుని ఇంటికి పరిగెత్తాడు. తర్వాత ఏం జరుగుతుందో చూడలేదు, ఎవర్నీ అడగలేదు. అక్కడే పప్పులో కాలేశాడు.

"నిలబడితే, ఆ తర్వాత నీ మీద ఎవడికీ మాట ఉండదు. ముగ్గురు పెద్దలం నిశానీ పెడతాం. నా మాట" అన్నాడు భీమరాజు.

అప్పాజీగారు ఆలోచించమన్నారు. లాజరు ఆలోచించాడు కూడా, తన లెక్కలో. రెండేళ్ళుగా విశ్వాసం కోసం రాళ్ళ దెబ్బలు, కొరడా దెబ్బలు తిన్నవాళ్ళ గురించే చదివినవాడు. సగం భయపడ్డాడు, సగం పొంగిపోయాడు. దేవుడు తనకీ ఒక పరీక్ష పెట్టాడనుకున్నాడు. "నిలబడతానండి" అన్నాడు.

జనంలోంచి తలుపులమ్మ ముందుకొచ్చింది. ఆరేళ్ళలో జుట్టు సగం తెల్లబడింది. కొడుకుని ముట్టుకోలేదు, వెలేసినవాణ్ణి ముట్టుకోకూడదు కాబట్టి. రెండడుగుల దూరంలో ఆగి, "నిజంగా నిలబడతావురా? మద్దెలో ఒదిలెయ్యవు కదా?" అంది.

"వదలనమ్మా."

ఆమె మొహం వెలిగిపోయింది. తల్లికి తన ధైర్యం చూసి గర్వమనుకున్నాడు పిచ్చివాడు.

ఎండ నెత్తిమీదికొచ్చేసరికి కోటు, చొక్కా విప్పించి నావ దగ్గర నిలబెట్టారు. తాడు కుండలో నానుతోంది. కొబ్బరిపీచు తాడు, చివర ముడి. మొదటి దెబ్బ భీమరాజుది.

"కులానికి ఒక్క మాట చెప్పకుండా పోయాడు" అని గట్టిగా చెప్పి, కొట్టాడు.

చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత తెలిసింది. వీపు మీద నిప్పు గీసినట్టయింది. పళ్ళు బిగించి, నావ ముక్కు మీద రెండు చేతులూ బిగించాడు లాజరు. మనసులో ప్రార్థన మొదలుపెట్టాడు, ప్రభువా వీళ్ళని క్షమించు అని. రెండోవాడు కొట్టాడు. మూడోవాడు కొట్టాడు. ఒక్కొక్కరూ తమ మాట చెబుతున్నారు. మా తాత పోతే మొయ్యడానికి రాలేదు. నా పెళ్ళికి రాలేదు. మా అయ్య నీకు ఈత నేర్పితే, పోయేటప్పుడు చెప్పి పోలేదు. ఎనిమిదో దెబ్బకి చర్మం చిట్లింది. దాని మీద పడ్డ ఉప్పునీళ్ళు మంటకి మంట తోడు చేశాయి. పదో దెబ్బకి ప్రార్థన మర్చిపోయాడు.

పదిహేను దాటాయి. రక్తం నడుము దాకా కారి పంచె అంచు తడిసింది. ఈగలు ముసురుతున్నాయి. ఒకామె, మొగుడు పోయిన ఆమె, తాడు రెండు చేతులా ఎత్తి కొడితే గురి తప్పి మెడ మీద పడింది, చెవి తెగింది. "అయ్యో" అని తనే అరిచింది. ఎవరూ నవ్వలేదు. వాళ్ళెవరికీ సరదాగా లేదని అప్పుడు గమనించాడు లాజరు. హింసించేవాళ్ళంటే ఇకిలిస్తూ కొడతారని పుస్తకాల్లో చదివాడు. వీళ్ళు ఏడుస్తూ కొడుతున్నారు.

ఇరవై మూడో ఇల్లు పాపాయిది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ. తల్లి చేపలమ్మడానికి వెళితే లాజరుకి అన్నం తినిపించినామె.

"నరసాపురం సంతలో తట్టెత్తుకుని నిలబడితే, నేస్తులతో పోతా నన్ను చూశాడు" అంది పాపాయి. "చూసి మొకం తిప్పేసుకున్నాడు. నా బుల్లియ్య."

చెయ్యి లేవలేదు ఆమెకి. తాడు ఊరికే వీపుకి తగిలి జారిపోయింది. అప్పటిదాకా ఒక్క కేక వెయ్యని లాజరు ఆ దెబ్బకి బావురుమన్నాడు. అది నిజం. కాలేజీ స్నేహితుల ముందు చేపల కంపు తన మీదికి వస్తుందని మొహం తిప్పుకున్నాడు. ఆమె చూడలేదనుకున్నాడు. అన్నేళ్ళూ ఎన్నో తప్పులు ఒప్పుకున్నాడు దేవుడి ముందు. ఇది ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ముప్పయ్యో ఇంటికి రాముడొచ్చాడు. ఒకప్పుడు వలలాగేటప్పుడు తాడు మీద లాజరు పక్క చెయ్యి రాముడిది.

"మొన్న తుఫానుకి నావ తిరగబడింది" అన్నాడు రాముడు. "మా తమ్ముణ్ణి ఒక చేత్తో పట్టుకున్నాను. నావని ఒక చేత్తో పట్టుకున్నాను. ఇంకో చెయ్యి ఉండాలి అక్కడ. ఆ చెయ్యి ఈడిది."

చచ్చిపోయేలా కొట్టాడు. తాడు డొక్క చుట్టూ తిరిగి వచ్చింది, లోపల ఎముక విరిగిన చప్పుడు లాజరుకి వినిపించింది. మోకాళ్ళ మీద పడ్డాడు. నోట్లోంచి నెత్తురొచ్చింది. కొంచెంసేపు ఎండ నల్లగా కనిపించింది. చేతులు మాత్రం నావని వదల్లేదు. గోళ్ళు చెక్కలోకి దిగి విరిగాయి. కాగితం కోసం పట్టుకున్నాడో, పరువు కోసం పట్టుకున్నాడో, అప్పటికి అతనికీ తెలియదు.

మిగతా పదకొండూ అతను లెక్కపెట్టలేదు. మధ్యలో ఒకసారి స్పృహ తప్పితే నీళ్ళు కొట్టి, "ఒదిలేస్తావా?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాడు.

ఆఖరికి తలుపులమ్మ చేతికి తాడిచ్చారు.

ఆమె కొడుకు వెనక నిలబడింది. వీపన్నది లేదు అక్కడ. పచ్చి మాంసం, దాని మీద ఇసక. చెయ్యెత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది.

"మెత్తగా పడితే మొదటినుంచి మొదలెట్టాలి తల్లీ" అన్నాడు భీమరాజు. "ఈసారి బతకడు."

"అమ్మా" అన్నాడు లాజరు, తల ఎత్తకుండా. "గట్టిగా కొట్టమ్మా."

"నా చేతి కూడు నెట్టేశాడు" అని అరిచింది తలుపులమ్మ. ఆరేళ్ళుగా దాచుకున్న అరుపు అది. అరుస్తూనే కొట్టింది. అంత దెబ్బ రాముడు కూడా కొట్టలేదు. లాజరు నావ మీదికి బోర్లాపడిపోయాడు.

భీమరాజు మాటంటే మాట. ముందు కాగితం తెమ్మన్నాడు. కాటుక తడిపి, వేలితో తను లంగరు గీశాడు. మరో ఇద్దరు పెద్దలు, ఒకరు చేప, ఒకరు తెడ్డు గీశారు. ముగ్గురి నిశానీలూ పడ్డాయి. ఇక సొరుగులో పత్రం తనదే అనుకున్నాడు లాజరు, ఇసకలో పడి ఉండి.

అప్పుడు ఆడవాళ్ళు సముద్రం నీళ్ళు కుండలతో తెచ్చి అతని నెత్తి మీద పోశారు. రాముడు చంకల కింద చేతులేసి లేపి, ఏడుస్తూ కావలించుకున్నాడు. భీమరాజు వలతాడు తెచ్చి అతని రెండు చేతుల్లో పెట్టి, "ఇయ్యాల్టినించి నీ చోటు నీది. కులంలో కలిశావు" అన్నాడు. పేటంతా కేకలేసింది. తలుపులమ్మ కంచం పట్టుకొచ్చింది. అన్నం, మెత్తళ్ళు మామిడికాయ పులుసు. పొద్దుటి వల చేపలు. మొదటి దోసెడు అమ్మోరికి పోయినవే.

అప్పటికి గాని లాజరుకి అర్థం కాలేదు. అది శిక్ష కాదు. వెలేసినవాణ్ణి వెనక్కి తెచ్చుకునే దారి అది. హింస అనుకుని నిలబడ్డది తను ఇంటికి రావడానికి. ఈ కంచం ముట్టుకుంటే నలభై రెండిళ్ళ ముందు కులంలోకి వచ్చినట్టే. రాజమండ్రిలో ఆ పత్రం చెల్లదు. ముట్టుకోకపోతే, ఇప్పుడు కొట్టిన అమ్మ చెయ్యి ఇక తనకి ముద్ద పెట్టడానికి లేవదు.

"నీకు తెలుసామ్మా?" అన్నాడు.

"తెలుసు. చెబితే నిలబడేవోడివి కాదు" అంది తలుపులమ్మ. తప్పు చేసినదానిలా లేదు ఆమె. ముద్ద కలిపి పట్టుకుంది. తాడు పీచు అరచేతికి అంటుకుని ఉంది. "తినరా. నేను కొట్టాను నిన్ను. నా చేత్తో కొట్టాను. తినకపోతే నేనెలా బతకను?"

లాజరు నోరు తెరిచాడు. తల్లి ముద్ద పెట్టింది. విరిగిన డొక్కలో పొడుస్తున్నా మింగాడు. మూడు ముద్దలు తిన్నాడు. అంత రుచైన అన్నం ఆరేళ్ళలో తినలేదు.

ఇరవై రోజులకి లేచి నడవగలిగాక, ఒక్కసారి వెళ్ళి ఈ కాగితం ఇచ్చేసి వస్తానని రాజమండ్రి వచ్చాడు. పడవలో వీపు ఆనించలేక దారంతా నిలబడే ఉన్నాడు. దొరగారు కాగితం చూసి సంతోషించారు. లంగరు, చేప, తెడ్డు, మూడూ సరిగ్గా ఉన్నాయి. సొరుగులోంచి పత్రం తీసి, కలం సిరాలో ముంచారు. ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. లాజరు ఉండలేకపోయాడు. జరిగిందంతా చెప్పి, చొక్కా విప్పి చూపించాడు.

దొరగారు కలం కింద పెట్టేశారు. చొక్కా తొడుక్కోమని చెప్పి, అడిగారు. "ఆ భోజనము విగ్రహమునకు అర్పింపబడినదా?"

"అవునండి."

"ఎరిగియే భుజించితివా?"

"తెలిసే తిన్నానండి."

"అందునకై పశ్చాత్తాపపడుచున్నావా?" దొరగారు ముందుకి వంగారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, దుర్మార్గుడు కాదు. "ఒక్క మాట చాలును. పశ్చాత్తాపపడుచున్నానని చెప్పుము. సంతకము చేసెదను."

లాజరు తనని తాను వెతుక్కున్నాడు. సంతలో పాపాయిని చూసి మొహం తిప్పుకున్నందుకు పశ్చాత్తాపం ఉంది. రాముడి తమ్ముడి విషయంలో ఉంది. ఆ కంచం నెట్టేసినందుకు ఎంతో ఉంది. మూడు ముద్దలు తిన్నందుకు ఎంత వెతికినా దొరకలేదు.

"లేదండి" అన్నాడు.

దొరగారు పత్రం మళ్ళీ సొరుగులో పెట్టి, తాళం వేశారు.

వరండాలో అప్పాజీగారు వెనకాలే వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. తిడతారనుకున్నాడు లాజరు.

"ఏం కూర?" అన్నారాయన.

"ఏంటండి?"

"మీ అమ్మగారు పెట్టిన అన్నంలోకి. ఏం కూర?"

"మెత్తళ్ళండి. మామిడికాయ వేసి."

అప్పాజీగారు తల ఊపారు. చేపన్నది జన్మలో ముట్టుకోని మనిషి. "మా అమ్మ పోయి ఏడేళ్ళు. నాకు కబురు కూడా పెట్టలేదు. ఆవిడ చేత్తో ఆఖరిసారి ఏం పెట్టిందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు నాయనా" అని, అక్కడే మెట్టు మీద కూచుండిపోయారు. తలెత్తి, "ఇప్పుడెక్కడికి?" అన్నారు.

"ఇంటికండి. నేను ప్రభువుని వదిలేశాననుకుంటున్నారు వాళ్ళు. వదల్లేదని చెప్పాలి. చెప్పకపోతే ఆ నిశానీలు అబద్ధం మీద పెట్టించుకున్నట్టే."

"చెబితే?"

లాజరు మెట్లు దిగాడు. మళ్ళీ వెలేస్తారని ఇద్దరికీ తెలుసు.

పేట చేరేసరికి, ఒడ్డునించి లాగే పెద్ద అలివి వల సముద్రంలో ఉంది. రెండు తాళ్ళూ ఒడ్డున జనం పట్టుకుని లాగుతున్నారు. రాముడు తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచుకుని లాగుతున్నాడు. లాజరుని చూసి నవ్వాడు. ఆ చోటుకి వెనక, నడుముకి కొంగు బిగించి, తలుపులమ్మ.

లాజరు తాడు ముట్టుకోకుండా భీమరాజు ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నేను ఆ దేవుణ్ణి మానలేదండి. మానను. కాగితం వాళ్ళివ్వలేదు, అయినా మానను. అమ్మ పెట్టింది తింటాను. అమ్మోరికి మొక్కను. ఇది చెప్పకుండా తాడు పట్టుకోకూడదని వచ్చాను."

తాడు మీద చేతులన్నీ ఆగాయి. రాముడి మొహంలో నవ్వు చచ్చిపోయింది. భీమరాజు ఒక్కసారి లాజరు వీపు వైపు చూశాడు. చొక్కా మీద ఇంకా మరకలు పడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత దెబ్బలకి తాడు నానబెట్టే కుండ వైపు చూశాడు. వల బరువుకి తాడు సముద్రంలోకి జారుతోంది.

"వినబడిందిరా అందరికీ" అంది తలుపులమ్మ వెనకనుంచి. ఆమె గొంతులో ఏడుపు లేదు. "తర్వాత కొడతారో, చంపుతారో, ముందు వల ఒడ్డుకి రావాలి. తాడు జారిపోతంది. లాగు."

లాజరు రాముడి పక్కన చోటులోకి వెళ్ళి తాడు పట్టుకున్నాడు. మానీమానని గాయాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వెనక తల్లి ఊపిరి వినిపిస్తోంది. లాగాడు.